కోకో పాప్స్ ‘యూకే ఫ్రెష్ స్టాక్’ అంటే నమ్మి డబ్బులు పంపకండి

ఇన్‌స్టాలో ఫారిన్ చాక్లెట్లు, సీరియల్స్ అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మియాపూర్ వైపు వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. రోజూ విమానం బొమ్మ పెట్టి ‘ఈరోజే దిగింది’ అని ఊదరగొడతారే, వాళ్ళే. కెలాగ్స్ కోకో పాప్స్ రెండు పెట్టెలు, డెలివరీతో కలిపి 2,300 రూపాయలు. డబ్బులు ముందే యూపీఐ చేయాలి, ఇంటికొచ్చాక ఇస్తామంటే కుదరదు.

అంత పెట్టి ఎందుకు కొన్నావు, ఇక్కడ చాకోస్ దొరకవా అంటారు. దొరుకుతాయి, కానీ అవి గోధుమవి. కోకో పాప్స్ బియ్యంతో చేసినవి, పాలు పోయగానే చిటచిటమంటాయి, తిన్నాక గిన్నెలో మిగిలిన పాలు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి. లండన్‌లో పెరిగి వచ్చిన మా పాపకి అసలు కావాల్సింది ఆ పాలే. పైగా యూకేలో 2018లో వీటిలో చక్కెర 100 గ్రాములకి 30 గ్రాముల నుంచి 17కి తగ్గించారు, పర్వాలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని డబ్బులు కొట్టాను. తెలివైనదాన్ని కదా!

పాప ఒక స్పూన్ తిని, “అమ్మా, ఇవి సౌండ్ చేయట్లేదు” అంది. నోట్లో వేసుకుంటే మెత్తగా సాగుతున్నాయి, పాత అట్టపెట్టె వాసన. పెట్టె తిప్పి చూస్తే పైన తేదీ ఉండేచోట చిన్న తెల్ల స్టిక్కర్, 12 2026 అని. అంచు కొంచెం లేచి ఉంది. గోటితో గీకితే సగం ఊడివచ్చింది, కింద నల్ల ఇంకుతో కంపెనీవాళ్ళు కొట్టిన అసలు తేదీ, 12 2024. రెండో పెట్టె మీదా అంతే.

ఫోటో తీసి పంపాను. డబ్బులు పంపేదాకా ప్రతి మెసేజ్‌కీ “అక్కా”, “ఓకే అక్కా” అన్న పిల్లాడికి అప్పుడు నేను “మేడమ్” అయిపోయాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు. “అది బెస్ట్ బిఫోర్ మేడమ్, ఎక్స్‌పైరీ కాదు. లండన్‌లో ఉండొచ్చారు, ఆ మాత్రం తెలీదా?” వెనకాల ఎవరో నవ్వుతున్నారు కూడా. 2,300 పోయినదానికన్నా ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. బెస్ట్ బిఫోర్ దాటినంత మాత్రాన విషం అయిపోదని నాకూ తెలుసు బాబూ. అంత మంచి సరుకైతే తేదీ మీద స్టిక్కర్ ఎందుకు అతికించావు? ఇదే అడిగాను. బ్లూ టిక్ పడింది, ఆ వెంటనే బ్లాక్. పేజీలో కామెంట్ పెడితే అదీ తీసేశారు, స్టోరీలో మాత్రం విమానం దిగుతూనే ఉంది.

కంపెనీని ఏమీ అనను, వాళ్ళు తేదీ సరిగ్గానే కొట్టారు. పద్ధతిగా దిగుమతి చేసుకున్న పెట్టె మీద ఇంపోర్టర్ పేరు, అడ్రసు, ఫుడ్ లైసెన్స్ నంబర్, పచ్చ గుర్తు ఉండాలి, వాటికైతే స్టిక్కర్ వేస్తారు. నాకొచ్చిన వాటి మీద అవేవీ లేవు, తేదీకి మాత్రం స్టిక్కర్ ఉంది! కొనేముందు పెట్టె పైభాగం, వెనకవైపు ఫోటోలు అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. యూపీఐ రసీదు, వాయిస్ మెసేజ్, సగం ఊడిన స్టిక్కర్ అన్నీ దాచాను. ఆ పేజీ దగ్గర కొన్న పెట్టె మీ ఇంట్లో ఉంటే పారేయకండి, తేదీ దగ్గర గీకి చూసి ఫోటో పంపండి, అన్నీ కలిపి ఇస్తాను.