డెస్క్‌టాప్‌కి వైఫై: యాంటెనా ఉన్న యూఎస్‌బీ అడాప్టర్

మా రౌటర్ హాల్లో, కంప్యూటర్ పక్క గదిలో. గోడకి రంధ్రం చేసి కేబుల్ లాగడం అమ్మకి ఇష్టం లేదు. అందుకే ఈ ఏసీ1300 అడాప్టర్ కొన్నాను. మంచి వస్తువు. విండోస్ 11 దానంతటదే గుర్తుపట్టింది, సీడీ అవసరమే రాలేదు.

అసలు చెప్పాల్సింది దీంతో వచ్చిన ఎక్స్‌టెన్షన్ వైరు గురించి. దాన్ని పెట్టెలోనే వదిలేయకండి! అడాప్టర్‌ని సీపీయూ వెనక నేరుగా గుచ్చితే ఇనుప క్యాబినెట్ సిగ్నల్‌కి అడ్డుపడుతుంది. పైగా పక్కనున్న యూఎస్‌బీ 3.0 పరికరాలు, వైర్లు వైఫై వాడే రెండు బ్యాండ్లలో (రేడియో తరంగాల శ్రేణుల్లో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొట్టగలవు. వైరుతో టేబుల్ మీదకి తెచ్చాక వీడియో కాల్‌లో నాన్న మాట తెగిపోవడం ఆగింది. నాకు అదే ముఖ్యం.

రెండో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్జ్‌కి మారితే వేగం బాగా పెరుగుతుంది, కానీ గోడలు దాటేకొద్దీ సిగ్నల్ త్వరగా నీరసిస్తుంది. మాకు అడ్డం ఒకే గోడ, సరిపోయింది.

పెట్టె మీది 1300 అనేది రెండు బ్యాండ్ల వేగాలు (సెకనుకి మెగాబిట్లలో) కలిపిన లెక్క. అడాప్టర్ ఒకసారికి ఒక్క బ్యాండ్‌కే కలుస్తుంది కదా, అంత వేగం ఎవరికీ రాదు. ఆ అంకెని అంత పెద్దగా అచ్చేయడం నాకు నచ్చలేదు. యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే సెకనుకి 480 మెగాబిట్లు దాటదు కూడా.

ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్లకి మాత్రం నేను కేబులే చెబుతాను.