హెచ్‌సీఎఫ్‌ఆర్: టీవీ రంగులు సరిచేయడానికి ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందా?

హెచ్‌సీఎఫ్‌ఆర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. విండోస్ ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్, తెర రంగునూ వెలుగునూ కొలిచే కలరిమీటర్ ఒకటి ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఖర్చంతా కలరిమీటర్‌దే. ఎక్స్‌రైట్ ఐ1 డిస్‌ప్లే ప్రో, ఆ తర్వాత కాలిబ్రైట్ పేరుతో వచ్చిన ఆ తరహా మీటర్లు దీనికి బాగా నప్పుతాయి. ఎస్‌డీఆర్ (మామూలు వెలుగు శ్రేణి వీడియో) వరకు చూస్తే, కొలతల్లో హెచ్‌సీఎఫ్‌ఆర్ డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్లకు తీసిపోదు. హెచ్‌డీఆర్‌లో (వెలుగు శ్రేణి ఎక్కువగా ఉండే వీడియోలో) మాత్రం ఇబ్బందులున్నాయి, వాటిలో సగం టీవీల వల్ల వచ్చేవే.

ఇందులో లెక్కలు నమ్మదగినవి. పొరపాట్లన్నీ లెక్క మొదలవక ముందే జరుగుతాయి.

మొదటిది తెర రకం. కలరిమీటర్ లోపలి రంగు ఫిల్టర్లు మనిషి కంటి స్పందనకు దగ్గరగా ఉంటాయే తప్ప అచ్చం అలాగే ఉండవు. ఆ తేడాను సవరించాలంటే తెర వెలుగు స్పెక్ట్రమ్ ఎలాంటిదో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. తెల్ల సబ్‌పిక్సెల్ ఉన్న ఓఎల్‌ఈడీ, క్వాంటమ్ డాట్ ఓఎల్‌ఈడీ, మామూలు ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ఎల్‌సీడీ, ఈ మూడింటి స్పెక్ట్రమ్‌లూ వేరు. ఈ సవరణకు వాడే కరెక్షన్ ఫైలు తప్పుగా ఎంచుకుంటే గ్రాఫులన్నీ చక్కగా గీత మీదే ఉంటాయి, తెర మీద తెలుపు మాత్రం ఆకుపచ్చ ఛాయకో గులాబీ ఛాయకో మొగ్గుతుంది. గ్రాఫు చూసి ఆ తప్పు పట్టుకోలేం.

రెండోది సిగ్నల్ లెవెల్స్. వీడియోలో నలుపు 16, తెలుపు 235. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ డ్రైవర్ 0 నుంచి 255 వరకు పంపుతుండగా టీవీ 16-235 అనుకుంటే నీడల్లోని వివరం మాయమవుతుంది. ఇది తలకిందులైతే నలుపు వెలిసిపోయి బూడిద రంగులోకి వస్తుంది. తెర మీదికి పరీక్ష చిత్రాలు (ప్యాటర్న్‌లు) పంపే హెచ్‌సీఎఫ్‌ఆర్ ప్యాటర్న్ జనరేటర్‌లో కూడా 16-235 ఆప్షన్ వేరే ఉంది. డ్రైవర్‌లోనూ ఇక్కడా రెండుచోట్లా మార్పిడి జరిగితే కొలతలన్నీ పనికిరావు. బ్లాక్ క్లిప్పింగ్ ప్యాటర్న్ పెట్టి 17వ గీత లీలగా కనిపించేలా, 16వది అసలు కనిపించకుండా బ్రైట్‌నెస్ సరిచేశాకే ముందుకెళ్లాలి. విండోస్ నైట్ లైట్ ఆఫ్ చేయాలి, ల్యాప్‌టాప్‌లో లోడ్ అయి ఉన్న కలర్ ప్రొఫైల్ తీసేయాలి. మీటర్ దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ చెబితే, మీటర్‌తో పాటు వచ్చిన మరో ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూ దాన్ని పట్టుకుని ఉందేమో చూడండి.

టీవీని ఫిల్మ్‌మేకర్ మోడ్‌లో గానీ సినిమా మోడ్‌లో గానీ పెట్టి, ఎకో మోడ్, గది వెలుగు సెన్సర్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేసి, కనీసం అరగంట నడవనివ్వండి. ఓఎల్‌ఈడీకి 10 శాతం విండో, అంటే తెరలో పదో వంతే నింపే ప్యాటర్న్, వాడాలి. తెర నిండా తెలుపు వేస్తే కరెంటు వాడకం హద్దు దాటకుండా టీవీయే వెలుగు తగ్గించేసుకుంటుంది. లోకల్ డిమ్మింగ్ (బ్యాక్‌లైట్‌ను భాగాలుగా తగ్గించే పద్ధతి) ఉన్న ఎల్‌సీడీలో ఆపే వీలుంటే కొలిచేటప్పుడు దాన్ని ఆపాలి.

గ్రే స్కేల్ (నలుపు నుంచి తెలుపు వరకు ఉండే బూడిద మెట్లు) దగ్గర హెచ్‌సీఎఫ్‌ఆర్ నిజంగా సుఖంగా ఉంటుంది. లక్ష్యం వీడియోకు ప్రామాణికమైన డీ65 తెలుపు, అంటే రంగుల పటం మీద ఎక్స్ 0.3127, వై 0.3290. కంటిన్యువస్ మెజర్‌మెంట్ ఆన్ చేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు కళ్లముందే కదులుతుంటాయి. 80 శాతం ప్యాటర్న్‌లో వెలుగు భాగాన్ని దిద్దే గెయిన్, 30 శాతంలో చీకటి భాగాన్ని దిద్దే ఆఫ్‌సెట్ సరిచేయాలి. ఒకటి కదిపితే రెండోది కాస్త జరుగుతుంది కాబట్టి రెండు మూడు విడతలు తప్పవు. ఎక్కువైన రంగును తగ్గించండి, తక్కువైనదాన్ని పెంచొద్దు. పెంచితే తెలుపుకు దగ్గరి వెలుగుల్లో ఆ రంగు హద్దు తాకి క్లిప్ అవుతుంది.

చీకటి గదికి తెలుపు 100 నిట్స్ (వెలుగు కొలత), గామా (సిగ్నల్‌ను బట్టి వెలుగు పెరిగే వంపు) 2.4 పెట్టుకుంటే 80 శాతం దగ్గర సుమారు 58.5, 30 శాతం దగ్గర 5.6 నిట్స్ రావాలి. బీటీ.1886 అనే ప్రామాణిక గామా వంపు ఎంచుకుంటే నలుపును ముందు కొలవాలి, ఎందుకంటే ఆ వంపును నలుపు స్థాయిని బట్టే లెక్కిస్తారు. ఓఎల్‌ఈడీలో నలుపు సున్నా కాబట్టి అది అచ్చంగా 2.4 అవుతుంది. 5 శాతం దగ్గర రావాల్సింది 0.075 నిట్స్ మాత్రమే. అంత తక్కువ వెలుగులో ఇలాంటి మీటర్ల రీడింగ్ నిలకడగా ఉండదు. అక్కడి అంకెల వెంట పడి 20 పాయింట్ల వైట్ బ్యాలెన్స్ కంట్రోల్స్ అటూ ఇటూ తిప్పితే చీకటి సీన్లలో రంగు మచ్చలు, బ్యాండింగ్ (ఛాయలు మెట్లు మెట్లుగా కనిపించడం) మొదలవుతాయి. డెల్టా ఈ (లక్ష్యానికీ కొలతకూ మధ్య తేడాను చెప్పే అంకె) 3 లోపు వస్తే ఆగిపోవచ్చు. అయితే ఆ అంకెలో వెలుగు తేడాను కలపాలా వద్దా అన్న సెట్టింగ్ ఒకటుంది. కలపకపోతే గామా తప్పినా అంకె అందంగా కనిపిస్తుంది, కాబట్టి కలిపే చూడండి.

రంగుల కంట్రోల్స్ జోలికి అవసరమైతేనే వెళ్లాలి. 100 శాతం శాచురేషన్‌లో (రంగు గాఢతలో) ఎరుపును సరిగ్గా కూర్చోబెట్టి 50 శాతంలో దాన్ని పాడుచేసే టీవీలున్నాయి. మనుషుల చర్మం రంగు ఉండేది ఆ మధ్య భాగంలోనే. 25, 50, 75 శాతాలు కూడా కొలిచి, అవి చెడితే ఆ మార్పు వెనక్కి తీసుకోవడమే మేలు.

హెచ్‌డీఆర్‌కు వస్తే, అందులో వాడే పీక్యూ అనే వంపులో ప్రతి సిగ్నల్‌కూ ఇన్ని నిట్స్ అని ముందే నిర్ణయమై ఉంటుంది. 50 శాతం దగ్గర దాదాపు 92 నిట్స్ రావాలి. చాలా ఎక్కువ వస్తే డైనమిక్ టోన్ మ్యాపింగ్ (సీన్‌ను బట్టి టీవీ తనే వెలుగు మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో ముందు చూడండి. పై భాగంలో టీవీ తన శక్తిని బట్టి వంపును వంచుకుంటుంది. దాన్ని గీత మీదికి లాగాలని చూడకూడదు, తెలుపు సమతూకం దిద్దితే చాలు. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఆర్ ప్యాటర్న్‌లు పంపడం చికాకు పని. మీడియా ప్లేయర్‌లో హెచ్‌డీఆర్10 ప్యాటర్న్ ఫైళ్లు నడిపి, ఒక్కోటి చేత్తో మారుస్తూ కొలవడం నయం.

పెద్ద లోటు ఆటోమేటిక్ క్యాలిబ్రేషన్ లేకపోవడం. డబ్బిచ్చి కొనే క్యాల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్ కొన్ని టీవీలతో నేరుగా మాట్లాడి లోపలి టేబుళ్లు తనే దిద్దేస్తుంది. హెచ్‌సీఎఫ్‌ఆర్‌తో ప్రతి మార్పూ రిమోట్‌తో చేయాల్సిందే. మీ టీవీకి ఆ సౌకర్యం ఉండి, ఎస్‌డీఆర్, హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ మోడ్‌లన్నీ దిద్దుకోవాలనుకుంటే క్యాల్‌మ్యాన్‌కు డబ్బు పెట్టడం సబబే. రెండు పాయింట్ల వైట్ బ్యాలెన్స్ (గెయిన్, ఆఫ్‌సెట్), గామా సరిచేసుకుని సినిమా చూడాలనుకునేవారికి హెచ్‌సీఎఫ్‌ఆర్ చాలు.