గచ్చిబౌలి వైపు కోలో ర్యాక్ తీసుకునేవాళ్ళు జాగ్రత్త: డబ్బు కట్టకముందే నేటివ్ వీలాన్ రాయించుకోండి

కోలో అంటే వేరేవాళ్ళ డేటాసెంటర్‌లో మన సర్వర్లు పెట్టుకోవడానికి ర్యాక్ అద్దెకి తీసుకోవడం. మాకు ర్యాక్ ఇచ్చిన కంపెనీ పేరు రాయట్లేదు, ఈమధ్య కొటేషన్లు తీసుకున్నవాళ్ళకి ఎవరో అర్థమైపోతుంది. "ట్రంక్ పోర్ట్ ఇస్తాం సార్, ఏ వీలాన్ కావాలంటే అది" అన్నారు. (వీలాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన వేరు నెట్‌వర్క్, ఒక్కోదానికి ఒక నంబరు; ట్రంక్ పోర్ట్ అంటే ఒకే కేబుల్ మీద చాలా వీలాన్లు నడిచేది.) మూడు నెలల అడ్వాన్సు కట్టించుకున్నారు. వర్క్ ఆర్డర్‌లో "ట్రంక్" అన్న ఒక్క ముక్కే ఉంది. మిగతాది రాయించుకోకపోవడం నా తప్పు, పూర్తిగా నాదే.

మా మేనేజ్‌మెంట్ వీలాన్ (సర్వర్‌ని నడిపించుకునే నెట్‌వర్క్) 20. మా సర్వర్ (హోస్ట్) మీద నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్‌ఐలో వీలాన్ ఐడీ పెట్టలేదు, అంటే ఫ్రేమ్‌లు (డేటా ముక్కలు) ట్యాగ్ (వీలాన్ నంబరు గుర్తు) లేకుండా వెళ్తాయి. వాళ్ళేమో పోర్ట్‌లో నేటివ్ వీలాన్ని, అంటే ట్యాగ్ లేని ఫ్రేమ్‌లు చేరే వీలాన్ని, 1గా అలాగే వదిలేశారు. ట్రాఫిక్ అంతా 1లోకి పోయింది, పింగ్ లేదు. ఫోన్ చేస్తే "హోస్ట్‌లో 20 పెట్టండి" అన్నారు. పెట్టాం. అదే టైములో, మాకు ఒక్క మాట చెప్పకుండా, అటు నేటివ్ కూడా 20కి మార్చేశారు!

ఇక్కడే మోసపోయాం. హోస్ట్ 20 ట్యాగ్‌తో పంపితే స్విచ్ తీసుకుంటుంది. జవాబు మాత్రం నేటివ్ కాబట్టి ట్యాగ్ లేకుండా వస్తుంది, ఈఎస్ఎక్స్‌ఐలో 20 పెట్టిన పోర్ట్ గ్రూప్‌కి (నెట్‌వర్క్ సెట్టింగుకి) అది చేరదు. అందుకే వాళ్ళ స్విచ్‌లో మా మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు అడ్రసు) కనిపిస్తోంది, పింగ్ మాత్రం రావట్లేదు. రాత్రి 11 గంటలకి ఆ మ్యాక్ టేబుల్ స్క్రీన్‌షాట్ పంపి, "మా వైపు అంతా బాగుంది, మీ సర్వరే పాడైంది, మార్చుకోండి" అని ఫోన్ పెట్టేశారు. నేటివ్ మార్చిన సంగతి అప్పుడూ చెప్పలేదు. మంచి సర్వర్‌ని విప్పి, ఎన్ఐసీ (నెట్‌వర్క్) కార్డు మార్చి, తెల్లారేదాకా కూర్చున్నాం.

మర్నాడు స్టోరేజీకి వీలాన్ 30 కలపమంటే కమాండ్‌లో "యాడ్" వదిలేసి కొట్టారు. అలౌడ్ లిస్టులో (ట్రంక్‌లో అనుమతించే వీలాన్ల జాబితాలో) 30 ఒక్కటే మిగిలింది, 20 ఎగిరిపోయింది. పైగా దానికి పోర్ట్ మార్పు చార్జీ బిల్లు!

నేటివ్ నంబరు, అలౌడ్ లిస్టు వర్క్ ఆర్డర్‌లో ఉండాలి. నేటివ్ 20 అయితే హోస్ట్‌లో ట్యాగ్ వద్దు, హోస్ట్‌లో ట్యాగ్ ఉంటే నేటివ్ వేరేది ఉండాలి. పీఎక్స్‌ఈతో (నెట్‌వర్క్ నుంచి బూట్ చేసి) ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి మామూలుగా మొదటి పద్ధతే కుదురుతుంది. "షో ఇంటర్‌ఫేస్ ట్రంక్" అవుట్‌పుట్ అడగండి, అందులో అలౌడ్ ఒక్కటే కాదు, యాక్టివ్ కూడా చూడండి. స్విచ్‌లో క్రియేట్ చేయని వీలాన్ లిస్టులో ఉన్నా పనిచేయదు. సిస్కోలో 1002 నుంచి 1005 వరకు, సిస్కో వాళ్ళదే నెక్సస్ స్విచ్‌లలో మామూలుగా 3968 నుంచి పైవి రిజర్వు, ఆ నంబర్లు పెట్టుకోకండి. నెక్సస్ రేంజ్ మార్చాలంటే స్విచ్ రీలోడ్ చేయాలి, ఒక్క కస్టమర్ కోసం ఎవరూ చేయరు.