'ప్రొఫైల్ బిల్డింగ్' ప్యాకేజీకి పైసలు కట్టేముందు జాగ్రత్త

పిల్లల్ని ఇంటర్ అయ్యాక అమెరికా పంపుదామని చూస్తున్న వరంగల్, హన్మకొండ, కాజీపేట్ తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. పిల్లాడి అప్లికేషన్ గొప్పగా కనబడేలా చేస్తామని ఒక కన్సల్టెన్సీ 'ప్రొఫైల్ బిల్డింగ్' ప్యాకేజీ అమ్ముతోంది. దాని పేరు రాయడం లేదు. ఇదే సరుకు రేపు ఇంకో బోర్డు కింద దొరుకుతుంది కాబట్టి సరుకునే గుర్తుపట్టండి.

ప్యాకేజీలో ఇచ్చేవి ఇవీ: ఒక ఎన్జీవోకు మీ వాడే 'ఫౌండర్' అని లెటర్, రెండు ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు, పైసలు కడితే అచ్చేసే జర్నల్లో రీసెర్చ్ పేపర్, ఎవరూ పేరు వినని ఒలింపియాడ్‌లో మెడల్. పిల్లాడి పనల్లా ఫొటోలకు నిలబడడమే. జర్నల్‌కు ఐఎస్ఎస్ఎన్ ఉందని గొప్పగా చూపిస్తారు. అది పత్రికను గుర్తుపట్టే 8 అంకెల నంబరు మాత్రమే, లోపలి సరుకు మంచిదని వేసిన ముద్ర కాదు. ఎన్జీవో అంటే రిజిస్ట్రేషన్ కాగితం అడిగి, అధ్యక్షుడి పేరు ఎవరిదో చదవండి. అక్కడే సగం తెలిసిపోతుంది.

అసలు తమాషా ఏమిటంటే, ఆ సర్టిఫికెట్లు పెట్టడానికి చోటే లేదు. చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్ కామన్ యాప్. అందులో యాక్టివిటీలకు 10 గళ్లు. హోదాకు 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, చేసిన పనికి 150, అదీ ఖాళీలతో కలిపి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏ ఏడాదిలో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని నింపాలి. బహుమతులకు వేరుగా 5 గళ్లు. ఆ సెక్షన్లలో సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసే బటన్ లేదు. అంటే మీరు కొంటున్నది గోడకు తగిలించుకునే కాగితం.

ఇక గంటల లెక్క. పది గళ్లూ నిండుగా కనబడాలని ఒక్కోదానికి వారానికి 6 గంటలు వేశారనుకోండి, 60 గంటలైంది. రెసిడెన్షియల్ కాలేజీలో స్టడీ అవర్లతో కలిపి రోజుకు 10 గంటల చొప్పున ఆరు రోజులు, ఇంకో 60. రోజుకు 7 గంటల నిద్ర, 49. మొత్తం 169. వారానికి ఉన్నవే 168. పిల్లాడు ఇంకా అన్నం తినలేదు, స్నానం చేయలేదు. అప్లికేషన్ చదివే అడ్మిషన్ ఆఫీసర్లకు ఈ కూడిక చేయడానికి నిమిషం పట్టదు.

దొరికిపోయేది అక్కడొక్కచోటే కాదు. చాలా కాలేజీల్లో ఒక ప్రాంతం అప్లికేషన్లన్నీ ఒకే ఆఫీసరు చదువుతారు. ఒకే ఊరి నుంచి అరడజను మంది 'భద్రకాళి చెరువు శుభ్రత ఉద్యమ వ్యవస్థాపకులు' ఒకే వాక్యాలతో వస్తే ఆయనకు అర్థం కాకుండా ఉంటుందా? పైగా మీ పిల్లాడు చదివే ఇంటర్ కాలేజీ నుంచి కూడా లెటర్ వెళ్తుంది. నెలకోసారి ఔటింగ్ దొరికే హాస్టల్ పిల్లాడు ప్రతి శనివారం పల్లెలో ట్యూషన్ చెప్పినట్టు రాస్తే రెండు కాగితాలకూ పొంతన కుదరదు. ఆ లెటర్ కూడా కాలేజీ పేరుతో మేమే జీమెయిల్ పెట్టి పంపుతామని కన్సల్టెన్సీ అంటే లేచి వచ్చేయండి, అది నేరుగా ఫోర్జరీ. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సొంత అప్లికేషన్‌లో 20 ఎంట్రీల దాకా ఇవ్వొచ్చు గానీ, వాళ్లు కొందరిని ఎంపిక చేసి రుజువులు అడుగుతారు. చూపకపోతే అప్లికేషన్ రద్దే.

2019లో అమెరికాలో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో తెడ్డు పట్టడం రాని పిల్లల్ని రోయింగ్ క్రీడాకారులుగా చూపించారు. దాన్ని నడిపిన కన్సల్టెంట్‌కు 2023లో మూడున్నరేళ్ల జైలు పడింది. సబ్మిట్ నొక్కేముందు 'ఇదంతా నిజం' అని సంతకం పెట్టేది మాత్రం మీ పిల్లాడే. సీటు వచ్చాక తెలిసినా, చదువు మధ్యలో తెలిసినా, తీసేసే హక్కు కాలేజీకి ఉంటుంది. అలాంటి కాగితాన్ని వీసా ఇంటర్వ్యూలో చూపిస్తే ఇంకా ప్రమాదం. తప్పుడు సమాచారంతో వీసా కోరినట్టు తేలితే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

మరి ఏం రాయాలి? ఇంట్లో చేసే పనే రాయొచ్చు. కామన్ యాప్ జాబితాలో 'కుటుంబ బాధ్యతలు', 'జీతానికి చేసిన పని' అనే రకాలు ఉన్నాయి. మనవాళ్లు వాటిని నామోషీ అనుకుని వదిలేస్తారు. ఎనుమాముల మార్కెట్ యార్డులో నాన్న అడ్తి (కమీషన్) దుకాణంలో కూర్చునే పిల్లాడు 'వ్యాపార నాయకత్వ అనుభవం' అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. 'మిర్చి సీజన్‌లో రోజుకు 40 బస్తాల కాంటా రాశాను. తక్‌పట్టీల (అమ్మకం చిట్టీల) లెక్క ఫోన్‌లోకి మార్చాను. రైతుల సందేహాలు తీర్చాను' అని రాస్తే మనిషి కనబడతాడు. ఇంగ్లిష్‌లో ఇది 150 అక్షరాల్లో పడుతుంది. సీజన్ మూడు నెలలైతే 12 వారాలే వేయండి, 40 వేయొద్దు. పేరిణి నేర్చుకున్నా, మేడారం జాతరలో వాలంటీరుగా చేసినా, తమ్ముణ్ని బడికి దింపి వచ్చినా లెక్క ఇదే: ఏం చేశారు, ఎంతమందికి, ఎన్నాళ్లు. నాలుగు గళ్లే నిండితే నాలుగే ఉంచండి. తొమ్మిదో తరగతి నుంచే ఒక నోట్‌బుక్‌లో తేదీ, గంటలు, చూసినవాళ్ల పేరు రాసి పెట్టుకుంటే చివర్లో ఊహించి రాయాల్సిన అవసరం రాదు.

కన్సల్టెన్సీ సాయం తీసుకున్నా అకౌంట్ పిల్లాడి మెయిల్‌తోనే తెరవండి, పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. సబ్మిట్‌కు ముందు ప్రివ్యూ పీడీఎఫ్ తీసి ఒక్కో లైనూ పిల్లాడితోనే చదివించండి. 'ఇది ఎప్పుడు చేశావురా?' అంటే తడుముకున్న లైన్ కొట్టేయండి. అప్పటికే పంపేసి ఉంటే ఆ కాలేజీకి వెళ్లిన కాపీని యాప్‌లో మార్చలేరు. అడ్మిషన్ ఆఫీసుకు పిల్లాడే మెయిల్ రాసి సరిచేయమని అడగాలి.

ఎప్‌సెట్, జేఈఈ సీట్లకే వెళ్లేవాళ్లకు ఈ గొడవే లేదు, ర్యాంకే లెక్క. ఎప్‌సెట్‌లో ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కోటాలకు మాత్రం ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలిస్తారు.

ఇప్పటికే కట్టినవాళ్లు జీఎస్టీ నంబరున్న రసీదు అడగండి. రీఫండ్ ఇవ్వకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్లలోపు. కట్టింది 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు. 'సీటు గ్యారంటీ' అన్న వాట్సాప్ మెసేజ్‌లను మాత్రం ఇవ్వాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి. గొడవ మొదలైతే అవతలివాళ్లు ఈమధ్య పంపినవాటిని డిలీట్ చేసేయొచ్చు.