కరెంటు పెట్టించుకున్న కంటికి బరంపురంలో వైద్యం: ఒక కంటి ఆసుపత్రిపై సమీక్ష

ఒడిశాలోని బరంపురంలో కంటి ఆసుపత్రులకు కొదవ లేదు. మామూలు శుక్లం ఆపరేషనుకైతే ఏ గుమ్మం ఎక్కినా పని జరిగిపోతుంది. నోటి కాన్సరుకో, ముక్కు పక్కనుండే గాలి గదుల కాన్సరుకో కరెంటు, అంటే రేడియేషన్ చికిత్స, పెట్టించుకున్న తరువాత చూపు మసకబారినవారిని ఓపికగా చూసే చోటు ఏదన్నది మాత్రం వేరే ప్రశ్న. మా మేనత్తను చాలాకాలంగా తీసుకువెళ్తున్న ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు నొచ్చుకోవలసినవీ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు.

అత్తది పర్లాకిమిడి దాపున ఒక పల్లె. శ్రీకాకుళం మొదలుకొని గజపతి, గంజాం జిల్లాల వరకు పెద్ద వయసు ఆడవాళ్లలో చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. అత్తకు జబ్బు అక్కడే మొదలై పైదవడ ఎముకలోకి పాకింది. ఆ ఎముక లోపల ఉండే గాలి గదికి పైకప్పుగా ఉన్న పలుచని పలకే కంటి గూటికి అడుగు. కనుక అక్కడి జబ్బుకు ఇచ్చే రేడియేషన్ కంటికి బొత్తిగా సోకకుండా చూడడం ఎంత మంచి యంత్రానికైనా కష్టమే. విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేసి, ఆ తరువాత ముఖం కదలకుండా అచ్చు బిగించి, వారానికి ఐదు రోజుల చొప్పున 30 విడతల్లో 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు. కిరణాల తీవ్రతను దిక్కు దిక్కుకూ మార్చి ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతినే వాడారు. ఆ వైద్యం విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదు, జబ్బు ఇప్పటికి అదుపులోనే ఉంది.

కరెంటు ముగిసిన ఏడాదికి కుడి కంట్లో మంట, ఇసుక పడ్డట్టు గరగర, పొద్దున్న లేవగానే తీగలు సాగే పుసి మొదలయ్యాయి. చూపు ఒక పూట తేటగా, మరొక పూట మసకగా ఉండేది. దగ్గరలోని మరొక పట్నంలో చూపిస్తే, టార్చి వేసి చూసి, శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయిద్దామన్నారు. కరెంటు పెట్టించుకున్న సంగతి మేము చెప్పినా చీటీలో రాసుకోలేదు. ఆ తరువాతే గుణుపురం నుంచి నౌపడా మీదుగా వచ్చే రైలెక్కి బరంపురం వెళ్లాము.

ఇక్కడి డాక్టరుగారిలో నాకు మొట్టమొదట నచ్చినది, కన్ను చూడకముందే ఆమె అడిగిన కాగితం. డిశ్చార్జి చీటీ చాలదు, ఏ భాగానికి ఎంత డోసు పడిందో చూపే ప్లాన్ సారాంశం కావాలని అన్నారు. మా దగ్గర ఉన్న కట్టలో అదీ ఉంది, కాని దాని విలువ అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆమె అందులోని వరుసలను ఒక్కొక్కటిగా వేలితో చూపిస్తూ, సగం ఒడియాలోనూ సగం తెలుగులోనూ మాకు వివరించారు. కంట్లో అన్నిటికంటె సున్నితమైనది కటకం. అర గ్రే డోసు నుంచే శుక్లం ముప్పు మొదలవుతుందని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో ప్రకటించింది కనుక, అత్త కటకానికి 8 గ్రే తగిలాక శుక్లం రావడంలో వింత లేదు. కన్నీటి గ్రంథికి సుమారు 30 గ్రే దాటితే కన్ను పొడిబారడం మొదలవుతుంది, అత్త గ్రంథికి సగటున 34 పడింది. కంటి వెనుక తెర అయిన రెటీనాకు 45, 50 గ్రేల దగ్గర ప్రమాదం పెరుగుతుంది, చక్కెర జబ్బు ఉంటే అంతకంటె తక్కువకే రావచ్చు, అత్తకు చక్కెర ఉంది. కంటి నరానికి 55 గ్రే లోపల ఉంటే నష్టం అరుదు, 60 దాటితే భయపడాలి, అత్త నరానికి గరిష్ఠంగా 51. ఈ అంకెలతో ఏ పరీక్ష ముందు చేయాలో, దేనికి తొందర లేదో తేలిపోయింది. ఇంతటి విచారణ మా జిల్లాల్లో నేను మరెక్కడా చూడలేదు.

కన్నీటి పరీక్ష చేసిన టెక్నీషియను బరంపురం తెలుగు కుర్రవాడు. "అమ్మా, పైకి చూస్తూ ఉండండి, రెప్ప గట్టిగా మూయకండి, నొప్పి ఉండదు" అంటూ, వడపోత కాగితం లాంటి సన్నని ముక్క కొసను మడిచి కింది రెప్పలోకి దోపాడు. ఐదు నిమిషాలకు ఎడమ కంటి కాగితం 13 మిల్లీమీటర్ల వరకు తడిసింది, కుడిది 4 దగ్గరే ఆగిపోయింది. 5 కంటె తక్కువైతే తీవ్రమైన పొడితనం కింద లెక్క. తరువాత నారింజ రంగు మందు అంటించి నీలి వెలుగులో చూస్తే, నల్లగుడ్డు కింది భాగమంతా ఆకుపచ్చ చుక్కలు పొడిచినట్టు కనిపించింది. అది పైపొర దెబ్బతిన్న గుర్తు. శుక్లం ఉన్న మాట నిజమే కాని ఇప్పటి మసకకు అసలు కారణం పొడితనమని, పైపొర నయం కాకుండా కొలతలు తీస్తే లోపల పెట్టే కటకం పవరు తప్పుతుందని, గాయం మానడమూ ఆలస్యమవుతుందని చెప్పి ఆపరేషనును వాయిదా వేశారు. డబ్బు వచ్చే పనిని తమంతట తాము వాయిదా వేసే ఆసుపత్రిని మెచ్చుకోకుండా ఉండలేను.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. కన్నీటి రంధ్రంలోకి సన్నని సూదితో ఉప్పునీరు ఎక్కించి చూస్తే అది ముక్కులోకి దిగకుండా వెనక్కి వచ్చింది. పైదవడ ఎముక తీసినప్పుడో, కరెంటు వలననో ఆ గొట్టం మూసుకుపోయింది. మామూలుగా దీనికి ఆపరేషన్ చేస్తారు. కాని ఊరే కన్నీరే తక్కువైనప్పుడు అది బయటికి పోయే దారి మూసుకుపోవడం ఒక విధంగా మేలేనని, పొడికంటికి వైద్యులు కావాలని ఆ రంధ్రాలకు బిరడా పెడతారని, కనుక ముక్కు పక్క మూలలో వాపు, నొప్పి, చీము కనిపిస్తే తప్ప దానిని ముట్టుకోవద్దని అన్నారు.

నరం పరీక్షలో లోటుపాట్లున్నాయి. రంగుల పలకల పుస్తకంలో అంకెలు చదవలేని అత్త చేత, అదే పుస్తకం చివర ఉండే వంకర గీతల పలకలను వేలితో గీయించారు. ఇది తెలిసిన టెక్నీషియన్లు తక్కువ. కాని చూపు విస్తీర్ణం కొలిచే యంత్రం దగ్గర ఉన్న మనిషి, వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కాలన్న ఒక్క మాటను హిందీలో గబగబా చెప్పి పక్కకు వెళ్లిపోయాడు. పెద్దావిడ చూపు అటూ ఇటూ తిరిగింది, కాగితం మీద నమ్మదగని ఫలితమని వచ్చింది. తెలుగులో చెప్పి, పక్కన కూర్చుని మళ్లీ చేయించాక కాని పనికి రాలేదు. నరం దెబ్బతింటే నొప్పి ఉండదు, చూపు రోజుల్లోనే పడిపోతుంది. ఎక్కువగా కరెంటు ముగిసిన మూడేళ్ల లోపల, అందులోనూ ఏడాదీ ఏడాదిన్నర ప్రాంతంలో వస్తుంది. దానికి నిలకడగా పనిచేసే మందు ఈనాటికీ లేదు. కాబట్టే ఆ పరీక్షను అంత తేలికగా తీసుకోకూడదు. ఇంట్లో రోజూ ఒక కన్ను మూసి, రెండవ కంటితో గోడ మీది క్యాలెండరు చూడమని, తేడా కనిపించిన రోజే రమ్మని డాక్టరుగారు చెప్పిన మాటను అత్త దినచర్యగా పెట్టుకుంది.

రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాను అక్కడే ఉంది. అంచుల్లో ఒకటి రెండు తెల్ల మచ్చలు కనిపించాయి. ఇవి చక్కెర వలన వచ్చాయా, కరెంటు వలన వచ్చాయా అని అడిగితే, చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయని, చక్కెరా రక్తపోటూ అదుపులో ఉంచుకోవడం రెండింటికీ అవసరమేనని, నాలుగు నెలలకు మళ్లీ స్కాను చేయాలని చెప్పారు. రెటీనా మధ్యలో నీరు చేరితే కంట్లో ఇంజెక్షను ఇవ్వాలి. ఆ సౌకర్యం ఇక్కడ లేదు.

ఇక లోపాలు. ఓపీలో వరుసలో కూర్చున్నవారందరికీ చీటీ చూడకుండానే కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసుకుంటూ పోవడం ఇక్కడి పద్ధతి. కన్నీరు కొలవడం, రంగు మందు వేసి చూడడం, పాప వెలుగుకు ముడుచుకునే తీరు గమనించడం ఆ చుక్కలకు ముందే జరగాలి. ఒకసారి అత్తకు అలా వేసేయడంతో పరీక్షలన్నీ మరొక రోజుకు పోయాయి. పర్లాకిమిడి నుంచి వచ్చినవారికి అంటే ఒక రోజు కూలీ, రెండు వైపుల ప్రయాణం. డాక్టరుగారు విసుక్కున్నారే కాని రిసెప్షనులో ఆ పద్ధతి మారలేదు. వెళ్లినవారు గుమ్మంలోనే "చుక్కలు వేయకండి, ముందు డాక్టరుగారు చూడాలి" అని గట్టిగా చెప్పుకోవాలి.

అద్దాల దుకాణం తీరు కూడా నాకు నచ్చలేదు. పొడికంటికి చూపు పూటకొక రకంగా ఉంటుంది కాబట్టి మందులు కుదురుకునే వరకు కొత్త అద్దాలు దండగే. పైన డాక్టరుగారు వద్దన్న అద్దాలనే కింద దుకాణంలో ఫ్రేములు పరచి అంటగట్టబోయారు. మందుల కౌంటరు మాత్రం మెరుగు. కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు ఆరేడు సార్లు వేసుకునేవారికి బెంజాల్కోనియం క్లోరైడు అనే నిల్వమందు కలిసిన సీసా పనికిరాదు, అదే పైపొరను ఇంకా గాయపరుస్తుంది. ఆ నిల్వమందు లేని, ఒకసారి వాడి పారేసే చిన్న గొట్టాలు మా ఊళ్లో దొరకవు, ఇక్కడ దొరుకుతాయి. ధర మామూలు చుక్కలకు కొన్ని రెట్లు. రాత్రికి లేపనం, పగలు పక్కలు మూసిన కళ్లజోడు కలిపి వాడాక గరగర చాలావరకు తగ్గింది, ఆకుపచ్చ చుక్కలూ పలచబడ్డాయి. చూపు మాత్రం పూర్తిగా తేట కాలేదు, శుక్లం ఉండగా కాదు కూడా.

మెడకు, గొంతుకు మాత్రమే కరెంటు పెట్టించుకున్నవారికి ఇంత హంగామా అవసరం ఉండదు, కిరణాలు కంటి దాకా దాదాపు రావు. పైదవడ, ముక్కు గదులు, ముక్కు వెనుక భాగం, చెవి ముందుండే లాలాజల గ్రంథి, వీటికి వైద్యం చేయించుకున్నవారు, అందులోనూ చక్కెర ఉన్నవారు, చూపు బాగున్నా సరే ఇక్కడికి వెళ్లవచ్చు. రెటీనా ఇంజెక్షనుకో, నరం అనుమానానికో వీరు భువనేశ్వరానికి గాని విశాఖపట్నానికి గాని ఉత్తరం రాసి పంపుతారు. ఆ ఉత్తరంలో డోసు అంకెలు, కరెంటు ముగిసిన తేదీ అడిగితేనే రాస్తారు. అడిగి రాయించుకుని, ప్లాన్ సారాంశం నకలు దానికి జతచేసుకుని వెళ్లాలి.