పెచ్చులూడే పాత బడి: కూల్చి కట్టాలా, రిపేరు చేయాలా, శ్లాబు మార్చాలా?

స్కూలుకు వజ్రోత్సవం దగ్గరపడుతుంది. అమెరికాలో ఉన్న పాత బ్యాచ్ వాళ్లు డబ్బు పంపుతామంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు వెళ్లి చూసొచ్చి, తొమ్మిదో తరగతి గదిలో పెచ్చులూడిన శ్లాబు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికల్లా తీర్మానం అయిపోతుంది: పాతది కూల్చేసి జీ ప్లస్ టూ, అంటే కింద ఒకటి, పైన రెండు అంతస్తులు, కట్టిద్దాం. కూల్చడానికి మనసొప్పని ఇద్దరు ముగ్గురు మాత్రం పూత పూసి రంగులేయిస్తే చాలంటారు. విజయవాడ, గుంటూరుల్లో ఏ పూర్వ విద్యార్థుల కమిటీలో కూర్చున్నా ఈ రెండు మాటలే వినిపిస్తున్నాయి. నా లెక్కలో చాలా చోట్ల జబ్బు శ్లాబుది, శిక్ష గోడలకు పడుతోంది. మూడో దారి ఒకటుంది. దాని ఎస్టిమేటు అడిగేవాళ్లే లేరు.

ఏ భవనాల గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. పెంకుల బళ్లు కాదు, టేకు దూలాల మీద ఇటుక పేర్చిన మద్రాసు టెర్రస్‌లూ కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఆ రోజుల్లో, ఆ తర్వాత ఇంకో పదేళ్ల పాటు లేచిన బళ్లు. పొడవుగా ఒకటే వరస గదులు, ముందు వరండా, చదునైన ఆర్‌సీసీ శ్లాబు, కిటికీల మీద బారుగా సాగే సన్‌షేడ్, వరండా చివర సిమెంటు జాలీ, కింద నాపరాయి. కింద స్తంభం లేకుండా ముందుకు పొడుచుకొచ్చిన పోర్టికో కూడా ఉందంటే అప్పటి ఫ్యాషన్ పూర్తిగా దిగినట్టే. కొత్త తరహా కాంక్రీటు కట్టడాలతో లేచిన నగరం చండీగఢ్ పని 1951లో మొదలైంది, ఆ గాలి మన పీడబ్ల్యూడీ (ప్రభుత్వ నిర్మాణ శాఖ) డ్రాయింగుల దాకా వచ్చింది. వీటిని చూడ్డానికి టూరిస్టులెవరూ రారు. కానీ ఎండ సంగతి తెలిసినవాళ్లు గీసిన ప్లాన్లు ఇవి.

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణంగా. జూన్‌లో బడి తెరిచేసరికి ఎండ ఉత్తరం గోడ మీద కూడా పడుతుంటుంది. అందుకే మంచి ప్లాన్లలో ఒక పక్క వరండా, రెండో పక్క సన్‌షేడ్ ఉంటాయి, తూర్పు పడమరల్లో కిటికీలు లేని గోడలుంటాయి. గదికి ఎదురెదురు కిటికీలు, పైకప్పు 12 అడుగుల పైన. ఒంటిపూట బడుల రోజుల్లో కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఇప్పుడు కొత్తగా కట్టే బ్లాకులు చూడండి. స్థలం కలిసొస్తుందని నడిమధ్య కారిడార్, దానికి రెండు వైపులా గదులు. గాలికి ఒకటే ముఖం. కిటికీలు అల్యూమినియం స్లైడింగువి, పూర్తిగా తెరిచినా సగమే తెరుచుకుంటాయి. పైకప్పు 10 అడుగులు. పట్టపగలు ట్యూబులైటు లేకపోతే బోర్డు కనపడదు. కొత్తదంటే ఇలాగే ఉండాలని రూలేమీ లేదు, మంచి ప్లాను గీయించుకోవచ్చు. గీయించుకునేవాళ్లను నేనైతే పెద్దగా చూడలేదు.

అయినా కూల్చాలనే వాళ్ల మాట కొట్టిపారేయలేం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి చోట ఒకే అంతస్తు బడి అంటే రికార్డులు, బెంచీలు, కంప్యూటర్లు అన్నీ నీళ్లపాలే. వరద దాకా ఎందుకు, రోడ్డు మీద తారు పొర మీద పొర వేసుకుంటూ పోవడంతో చాలా పాత బళ్ల ఆవరణ ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉంది. గట్టి వాన పడితే ప్రార్థన వరండాలోనే. ఇక పిల్లల సంఖ్య పెరిగి, పక్కన ఒక్క గజం కూడా ఖాళీ లేకపోతే పైకి పోక తప్పదు. చక్రాల కుర్చీకి ర్యాంపు, ఆడపిల్లలకు సరిపడా టాయిలెట్లు పాత ప్లాన్లలో ఉండవు. అయితే ఈ చివరి రెండింటి కోసం మొత్తం భవనం కూల్చక్కర్లేదు, పక్కన కట్టుకోవచ్చు.

రెండోది పైపై రిపేరు. ఇది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మోసం కూడా. 2019 నవంబరులో మొదలైన ప్రభుత్వ బళ్ల బాగుచేత పథకం నాడు-నేడు తొలి విడతలో 15,715 బళ్లలో పనులు పెట్టారు. టాయిలెట్లు, మంచినీళ్లు, రంగులు, బల్లలు కావలసినవే, కాదనను. కానీ తుప్పు పట్టిన శ్లాబుకు కింద ప్లాస్టరింగ్ చేసి రంగు వేస్తే కనపడకుండా పోయేది తుప్పు ఒక్కటే. అది లోపల పని చేసుకుంటూనే ఉంటుంది.

తుప్పు ఎందుకొస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. కొత్త కాంక్రీటు క్షారగుణంతో ఉంటుంది, ఆ గుణం ఉన్నంతకాలం లోపలి ఇనుముకు తుప్పు రాదు. గాల్లోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి పాకుతూ దాన్ని చంపేస్తుంది. దానికి పైనుంచి లీకేజీ తోడైతే తుప్పు మొదలు. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బి, కింది కాంక్రీటును నెట్టేస్తుంది. మనం పెచ్చు అనేది అదే. ఆ రోజుల్లో చువ్వ కింద కాంక్రీటు కవరు పల్చగా వదిలేవారు, అందుకే అరవై ఏళ్లు తిరిగేసరికి ఇన్ని శ్లాబులు ఒకేసారి రాలుతున్నాయి.

ఈ సంగతి కంటితో చూడొచ్చు. బెజవాడలోనే ఒక ఎయిడెడ్ స్కూల్లో చూశాం. కుర్రాడొకడు నిచ్చెనెక్కి సుత్తితో శ్లాబు కింద తడుతూ వెళ్లాడు. వరండా వైపు ఖంగుమని మోగింది, గది మధ్యకొచ్చేసరికి డొల్ల శబ్దం. అక్కడ చిన్న ముక్క పగలగొట్టి, పగిలిన చోట ఫినాల్ఫ్తలీన్ కొట్టారు. కెమిస్ట్రీ ల్యాబులో వాడేదే. క్షారగుణం మిగిలి ఉంటే గులాబీ రంగు రావాలి. చువ్వ దాటి లోపలికి వెళ్లేదాకా రంగు రాలేదు. తర్వాత గోడ దగ్గర పూత గీకి, ఇటుక, సున్నం చూశారు. మాతో వచ్చిన తాపీ మేస్త్రీ అరచేత్తో గోడ మీద కొట్టి, "దీని జోలికెళ్లకండి సార్, దీనికేం రోగం లేదు, పైనున్నదే కుళ్లింది" అన్నాడు. ల్యాబు రిపోర్టులో పేజీలు ఎక్కువ గానీ సారాంశం అంతే.

ఆ తరం ఒకే అంతస్తు బళ్లలో చాలావాటికి బరువు మోసేది ఇటుక గోడలే, స్తంభాలు కాదు. ఒకటిన్నర ఇటుక మందం గోడ, పొడిగా ఉంటే, ఇంకా చాలా కాలం నిలుస్తుంది. పోయేది శ్లాబు, సన్‌షేడ్లు, తలుపులు కిటికీల మీది కొన్ని లింటెళ్లు (అడ్డ దూలాలు). కాబట్టి మూడో దారి: గోడలు, కిటికీలు, వరండా, జాలీలు, నాపరాయి అలాగే ఉంచి శ్లాబు దించేసి కొత్తది వేయడం. పునాది ఖర్చు లేదు, గోడల ఖర్చు లేదు, ఎత్తు తగ్గదు, గాలి తగ్గదు. పనిలో పనిగా పైన వాటర్ ప్రూఫింగ్, తెల్ల కూలింగ్ టైల్స్ వేసుకుంటే పాతదానికన్నా చల్లగా ఉంటుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను, చాలామందికి తట్టదు. లీకేజీ వచ్చినప్పుడల్లా శ్లాబు మీద ఇంకో అంగుళం సిమెంటు మాలు పరిచే అలవాటుంది కదా. 20×25 అడుగుల గది మీద ఒక అంగుళం మాలు అంటే దాదాపు రెండున్నర టన్నులు. అలా మూడుసార్లు వేసిన శ్లాబులున్నాయి. లోపల చువ్వ సన్నబడుతుంటే పైన బరువు పెరుగుతూ పోయింది.

శ్లాబు మార్చడానికి ఇబ్బందులు లేకపోలేదు. పాతది దించేటప్పుడు గోడలకు పై ఆధారం ఉండదు, పోట్లు (ఆసరా కర్రలు) పెట్టాలి, సుత్తులతో బాదకుండా ముక్కలుగా కోయించాలి. భూకంపాలకు తట్టుకునే కట్టడాల మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 నాటి పటంలో విజయవాడ, గుంటూరు రెండూ మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి. మూలల్లో గోడలను కట్టిపడేయడం, కొత్త శ్లాబును గోడలతో పట్టి ఉంచడం స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగు ప్రకారమే జరగాలి. మేస్త్రీ అనుభవం ఒక్కటే చాలదు. రెండంతస్తుల భవనానికి ఈ పద్ధతి బాగా కష్టం, అక్కడ కూల్చడమే నయం కావచ్చు.

గుంటూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ దగ్గర నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని పునాదిని కదిలిస్తుంది. గోడ మీద ఐమూలగా మెట్లు మెట్లుగా పగులు కనపడి, అది వానాకాలం మూసుకుంటూ వేసవిలో విచ్చుకుంటుంటే జబ్బు శ్లాబుది కాదు, నేలది. అక్కడ శ్లాబు మార్చడం దండగ. కొత్తది కట్టేట్టయితే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు, అడగండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ ఇలాంటి నేలల కోసమే వాటిని తయారుచేసింది.

నాలుగో ఆలోచన కూడా వస్తుంటుంది: పాతదాని మీదే ఇంకో అంతస్తు. ఒక అంతస్తుకు తవ్విన పునాది మీద ఆ పని వద్దు.

వారసత్వ కట్టడం అని ప్రకటిస్తే కూల్చకుండా ఆగుతుంది కదా అని కొందరు అడుగుతారు. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం వర్తించాలంటే భవనానికి 100 ఏళ్లు నిండాలి. చట్టం వచ్చిన ఏడాదే కట్టిన బడికి 2058 దాకా ఆ గొడుగు లేదు. అమెరికాలో చారిత్రక కట్టడాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌కు మామూలుగా 50 ఏళ్లు చాలు. అయినా అక్కడ కూడా కూల్చేశారు. ఫ్లోరిడాలోని సారసోటాలో పాల్ రుడాల్ఫ్ అనే పేరున్న ఆర్కిటెక్టు గీసిన రివర్‌వ్యూ హైస్కూలు 1958లో తయారైంది. ఎంతమంది వద్దన్నా 2009లో పడగొట్టి ఆ స్థలాన్ని పార్కింగుకు వాడుకున్నారు. అదే ఊళ్లో సారసోటా హైస్కూలుకు ఆయనే గీసిన 1960 నాటి భవనాన్ని మాత్రం లోపల మార్పులు చేసుకుని నిలబెట్టుకున్నారు.

మన దాతలకు పనికొచ్చే కథ ఇంకో ఊరిది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ చిన్న ఊరే. ఊరి బడులకు మంచి ఆర్కిటెక్టును పెట్టుకుంటే డిజైన్ ఫీజు మేం కడతామని ఆ ఊరి ఇంజిన్ల కంపెనీకి చెందిన కమ్మిన్స్ ఫౌండేషన్ ముందుకొచ్చింది. అలా తొలి స్కూలు 1957లో తయారైంది, ఇప్పుడు భవనాలు చూడ్డానికే జనం ఆ ఊరికి వెళ్తున్నారు. మన దగ్గర ఆర్చి గేటుకు, శిలాఫలకానికి దాతలు క్యూ కడతారు. టెస్టులకు, ఇంజినీరు ఫీజుకు అడిగితే మాత్రం గ్రూపులో మెసేజ్ చూసి కూడా ఎవరూ బదులివ్వరు.

ఏది మేలంటే, నీళ్లు నిలిచే పల్లంలో ఉన్నా, పునాది కదిలినా కొత్తదే కట్టండి. పెచ్చులు ఒకటి రెండు చోట్లే ఉండి మిగతా కాంక్రీటు మోగితే ఆ మేరకు చెక్కి, తుప్పు శుభ్రం చేసి, పాలిమర్ మాలుతో సరిచేస్తే సరిపోతుంది. గోడలు బాగుండి శ్లాబు మొత్తం డొల్లగా ఉంటే శ్లాబే మార్చండి. ఈ మూడో రకమే మన ఊళ్లలో ఎక్కువని నా అంచనా.

పని పెట్టుకునేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, సెలవుల్లోనే. గోడ నుంచి గోడకు 20 అడుగుల దూరమున్న శ్లాబుకు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 14 రోజుల దాకా పోట్లు తీయకూడదు, తొందరగా తీయమని హెడ్మాస్టరు గారు అడిగినా సరే. మే ఎండలో కాంక్రీటు సాయంత్రం పూటే వేయించండి, క్యూరింగ్‌కు ట్యాంకరు ముందే మాట్లాడుకోండి. ఒక్క వేసవిలో మూడు నాలుగు గదులకు మించి తలపెట్టొద్దు. మిగతావి వచ్చే సెలవులకు ఉంచి, అప్పటిదాకా ఆ గదులకు తాళం వేయించండి.