పికప్ ఎత్తు పెంచాలంటే స్పేసరా, కమాన్ పట్టీయా, స్ప్రింగుల సెట్టా?

ఎత్తు పెంచే ముందు ఒక్కసారి బండి కింద పడుకుని చూడాలి. కింద తగులుతున్నది ఏమిటి? వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు రాళ్లకు తగులుతోందంటే స్పేసర్లూ స్ప్రింగులూ ఏవీ పనికిరావు. అవి చాసీనే పైకి లేపుతాయి, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు లేవాలంటే టైరే పెద్దది కావాలి. 255/60 ఆర్18 టైరు తీసి 265/60 ఆర్18 వేస్తే వ్యాసం 12 మి.మీ. పెరుగుతుంది, ఇరుసు లేచేది అందులో సగం, 6 మి.మీ. అదే మెట్టు, బంపర్, ఛాంబర్ (ఇంజన్ ఆయిల్ గిన్నె) కింది ప్లేటు, చాసీ మధ్యభాగం తగులుతుంటే సస్పెన్షన్ లిఫ్టుకు అర్థం ఉంది.

ఇక్కడ లెక్కలన్నీ ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటి బండికి. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న బండి ఇది. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్, కింది ఆర్మ్), కాయిల్ స్ప్రింగు. వెనక కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు. టయోటా హైలక్స్ అమరికా ఇదే కాబట్టి దానికీ చాలావరకు వర్తిస్తుంది.

ముందు చక్రాల సంగతి: స్పేసరా, కొత్త స్ప్రింగులా?

అన్నిటికన్నా చవక పై స్పేసర్. షాక్ అబ్జర్బర్ పైభాగానికీ చాసీకీ మధ్య కూర్చునే దిమ్మ అది. స్ప్రింగును నొక్కి విప్పే పని లేదు. చాసీ కింద స్టాండ్లు పెట్టి, స్టెబిలైజర్ లింకు, కింది బోల్టు, పైన మూడు నట్లు విప్పితే అసెంబ్లీ మొత్తం చేతికొస్తుంది. షాక్ అబ్జర్బర్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి, 25 మి.మీ. దిమ్మ వేస్తే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు, 45-50 మి.మీ. లేస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. రెండంగుళాలు కావాలని రెండంగుళాల దిమ్మ వేయిస్తారు, బండి నాలుగంగుళాలు లేచి కూర్చుంటుంది, నెల తిరగకముందే ఆర్ములను చక్రానికి కలిపే బాల్ జాయింట్లు మూలుగుతాయి.

స్పేసర్‌తో గుణం మారదు. పాత స్ప్రింగు, పాత షాకే కాబట్టి కుదుపు ఎంత ఉందో అంతే ఉంటుంది. నష్టం రెండు చివర్లలో కనిపిస్తుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు దిమ్మ మేరకు ఇంకా కిందికి జారుతుంది. ఫోర్ బై ఫోర్ బండిలో యాక్సిల్ షాఫ్టు కోణం మరీ వాలిపోయి సీవీ జాయింట్ (షాఫ్టు చివరి కీలు) మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు కారుతుంది. గుంతలో గట్టిగా పడినప్పుడేమో, షాక్ అబ్జర్బర్ తన ప్రయాణం ముందే అయిపోయి లోపల కొట్టుకోవచ్చు. టూ-వీల్ డ్రైవ్ హై-ల్యాండర్‌లో ముందు షాఫ్టులే లేవు కాబట్టి బూటు బెడద ఉండదు, బాల్ జాయింట్ల బెడద ఉంటుంది.

కొత్త స్ప్రింగులు, వాటికి సరిపడే షాకులు వేయిస్తే ఖర్చు స్పేసర్‌కు ఎన్నో రెట్లు. ఓల్డ్ మ్యాన్ ఎమూ, ఐరన్‌మ్యాన్ లాంటి కంపెనీలు స్ప్రింగులను బరువును బట్టి అమ్ముతాయి. ముందు వించ్ (బండిని లాగే తాడు యంత్రం), స్టీలు బంపర్ లేకుండా బరువు స్ప్రింగు వేస్తే బండి చెప్పినదానికంటే ఎక్కువ లేస్తుంది, ఖాళీ రోడ్డు మీద గుర్రంలా ఎగురుతుంది. షాకులు ఇప్పటికే నూనె కారుతుంటే మాత్రం స్పేసర్ కొనడం డబ్బు దండగ. ఎలాగూ విప్పాలి, ఎలాగూ మార్చాలి.

వెనక: బ్లాకా, షాకిలా, అదనపు పట్టీయా?

బ్లాకు అంటే కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య పెట్టే ఇనుప దిమ్మ. 40 మి.మీ. బ్లాకు పెడితే 40 మి.మీ. లేస్తుంది, లెక్క తేలిక. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కూడా అంతే పొడవు పెరగాలి, నాలుగూ కొత్తవే కావాలి; ఒకసారి సాగిన మరలు మళ్లీ బిగువు పట్టవు. ఖాళీగానో తక్కువ సామానుతోనో తిరిగే బండికి ఇది చాలు. లోడుతో లో గేర్‌లో గట్టు ఎక్కేటప్పుడు ఇరుసు మెలితిరిగి పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి, బ్లాకు ఎంత ఎత్తైతే ఆ మెలి అంత ఎక్కువ. ఒక బ్లాకు మీద ఇంకో బ్లాకు పెట్టకూడదు. ముందు కూడా కమాన్లే ఉన్న బండ్లలో ముందు ఇరుసు మీద అసలు బ్లాకే పెట్టకూడదు.

షాకిలు అంటే కమాన్ కట్ట కొసను చాసీకి కలిపే లింకులు. పొడవాటివి చూడ్డానికి చవక. 50 మి.మీ. పొడవు పెంచితే లేచేది 25 మి.మీ. మాత్రమే, పైగా వెనకభాగం పక్కలకు ఊగుతుంది. వదిలేయండి.

బరువు మోసే బండికి అదనపు పట్టీయే మేలు. కమాన్ పని చేసే షెడ్డులో పాత కట్ట వంపు చూసి, దానికి తగ్గ పట్టీ ఎంచుతారు. 25-40 మి.మీ. లేస్తుంది, లోడు వేస్తే కుంగడమూ తగ్గుతుంది. పొట్టి పట్టీ ఒప్పుకోకండి. దాని కొస ఆగేచోటే పై పట్టీ మీద ఒత్తిడంతా పడి అక్కడే విరుగుతుంది. రెండో పట్టీకి దగ్గర పొడవున్నది కావాలి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పే ముందు దానికి రెండువైపులా సీ క్లాంపులు బిగించాలి, లేకపోతే కట్ట ఎగిరి మొహానికి తగులుతుంది. కొత్త సెంటర్ బోల్టు తల ఇరుసు సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. దీని లోటు ఒక్కటే: ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీటువాళ్లను లేపి కూర్చోబెడుతుంది.

ఏది ఎంచుకున్నా తప్పనివి కొన్ని. రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే ఆఖరి బిగువు బిగించాలి. వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొన్నాళ్లకు చీలిపోతుంది. షెడ్లలో అందరూ తొందరలో దాటేసే పని ఇదే. యూ బోల్టులు 500 కిలోమీటర్లకు మళ్లీ చూడాలి. చక్రం పూర్తిగా వేలాడేసి బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు లాక్కుంటున్నాయేమో చూడాలి. లోడును బట్టి వెనక బ్రేకును సర్దే వాల్వు ఉన్న బండ్లలో దాని కడ్డీని కొత్త ఎత్తుకు సర్దకపోతే, బండి ఎప్పుడూ ఖాళీయే అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు కిందికి దించాలి. 50 మి.మీ. దాటితే క్యాస్టర్ (స్టీరింగ్‌ను నిటారుగా నిలిపే వెనక వాలు) తగ్గి హైవే మీద స్టీరింగ్ తేలుతుంది. అప్పుడు పై ఆర్ములు కూడా మార్చాలి, బడ్జెట్ అన్న మాట అక్కడితో సరి.

ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు. నాలుగు చక్రాల దగ్గరా, పనికి ముందోసారి, తర్వాతోసారి.

కాగితాల సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చి రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పసుపు ప్లేటు బండైతే ఫిట్‌నెస్ దగ్గర ఆపవచ్చు, క్లెయిమ్ వేళ బీమా కంపెనీ ఇదే పట్టుకోవచ్చు. ఆర్టీఏ ఆఫీసులో ముందే అడిగి, మళ్లీ విప్పేసే వీలున్న పనే చేయించుకోవాలి. ఆ లెక్కలో కూడా ముందు 20 మి.మీ. స్పేసర్, వెనక ఒక పొడవు పట్టీ: పొలానికీ ఊరికీ తిరిగే బండికి ఇంతకు మించి అక్కర్లేదు.